దొర ఎరిగిన రాజుగారు

1958లో, తమిళుల ఆడి నెల గాలులు మొదలయ్యే రోజుల్లో, నన్ను సాత్తూరు నుంచి రాజపాళయం పశువైద్యశాలకు బదిలీ చేశారు. హోదా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. ఎవరికి అసిస్టెంటునో ఉత్తర్వులో రాయలేదు, నేనూ అడగలేదు. ఆస్పత్రి అంటే ఒక పెంకుటింటి వరండా, వెనక పశువులను నిలబెట్టి కట్టే కొయ్య చట్రం, సిరంజీలు ఉడకబెట్టడానికి కిరసనాయిలు స్టవ్వు, ఎద్దులకు విత్తులు కొట్టే బర్డిజో పట్టకారు. వారంలో కొన్ని రోజులు క్యాంపు. చోళపురానికో తళవాయిపురానికో బస్సెక్కి వెళ్ళి, ముసర రోగానికి టీకాలు వేసి, ఒంటినిండా పేడతో తిరిగి రావాలి. నా కింద చెల్లయ్య అనే కాంపౌండరు ఉండేవాడు. మందుల్లో నీళ్ళు కలపడం అతని పని, నా మాటల్లో నీళ్ళెన్ని కలిశాయో కొలవడం అతని సరదా.

నేను కోతలు కోస్తానని మా ఇంట్లో ఒక అపవాదు ఉంది. పూర్తిగా అబద్ధమని అనను. కానీ ఈ సంగతికి కోత అక్కర్లేదు, ఉన్నది ఉన్నట్టు చెబితేనే ఎవరూ నమ్మరు.

నాది నెల్లూరు జిల్లా. రాష్ట్రం విడిపోయినప్పుడు మద్రాసు వైపు సర్వీసులోనే ఉండిపోయాను. రాజపాళయం వేశారనగానే ఎగిరి గంతేశాను, తెలుగువాళ్ళ ఊరు కదా, ఇక కడుపునిండా మాట్లాడుకోవచ్చునని. చేరిన రోజునే ఒక పెద్దాయన గేదెను తోలుకొచ్చి, నేను రోగం గురించి చెప్పిందంతా శ్రద్ధగా విని, "డాక్టరయ్యా బాగా చెప్పినారు. మీది ఏ బాస?" అని అడిగాడు. ఆయన తెలుగు విని నేను లోపల నవ్వుకుంటున్న క్షణంలోనే ఆయన నా తెలుగు విని లోపల నవ్వుకుంటున్నాడని అప్పుడు తెలిసింది. ఇద్దరం మర్యాదస్తులం కాబట్టి గేదె వైపు చూశాం.

ఇక ఆ ఊరి కుక్క సంగతి. రాజపాళయం కుక్కను చూడనివారికి చెప్పాలి. పాలమీగడ రంగు ఒళ్ళు, గులాబీ రంగు ముక్కు, లోతైన ఛాతీ, పిడికిట్లో పట్టేంత నడుము, పొడుగు కాళ్ళు. కొండ పాదాన అడవి పందుల వేటకు పెంచిన జాతి. మా పశువైద్యులకు దానితో వచ్చే చిక్కు ఒకటే. ఈ కుక్క లోకాన్ని రెండుగా విడగొడుతుంది, తన మనిషి, పరాయివాళ్ళు. తన మనిషి ఒక్కడే. అతని భార్య పరాయి, అన్నం పెట్టే చెయ్యి పరాయి, ప్రభుత్వ వైద్యుడి సంగతి చెప్పనే అక్కర్లేదు.

జగ్గరాజుగారు కొండ కింద మామిడితోటలున్న ఆసామి. మీసం, గొంతు, వేలి ఉంగరం, మూడూ పెద్దవే. ఆయన కుక్క పేరు దొర. ఒకనాడు ఆయన తోట కాపలా మనిషి కరుప్పన్ పరుగున వచ్చి, నాలుగు రోజుల కింద దొరను పంది పొడిచిందని, పుండు పాడైందని చెప్పాడు. సైకిలు మీద నేను, వెనక మందుల పెట్టెతో చెల్లయ్య, వెళ్ళాం.

పంది కోర దొర మెడ వెనక, రెండు భుజాల మధ్య చీల్చింది. కుక్క ఒంటిమీద నాలుక అందే చోట పుండు పడితే అది నాకి నాకి తనే మానిపించుకుంటుంది. నాలుక అందనిచోటు అదొక్కటే. అందుకని ఈగలు వాలి, పుండు నిండా పురుగు పట్టింది. చికిత్స పాఠ్యపుస్తకంలో ఉన్నదే. టర్పెంటైన్ చుక్కలు వేస్తే పురుగులు ఊపిరాడక పైకి వస్తాయి, వాటిని ఫోర్సెప్స్‌తో ఒక్కొక్కటే ఏరాలి, ఆక్రిఫ్లావిన్ నీళ్ళతో కడిగి సల్ఫా పొడి చల్లాలి, కండలోకి పెన్సిలిన్ ఇవ్వాలి. కుట్లు వేయకూడదు. పుండు అడుగు నుంచి పూడుకుంటూ రావాలి. రోజూ చెయ్యాలి. ఒక్క పూట మానితే ఈగ మళ్ళీ వాలుతుంది. పురుగు వెన్నుపూస దాకా దిగితే కుక్క దక్కదు. మత్తు ఇచ్చి పని చేద్దామంటే, ఆ రోజుల్లో మాకున్న మత్తుమందు ఇలాంటి బక్క వేటకుక్కలకు సరిపడదు. ఒంట్లో కొవ్వు లేని కుక్క ఆ మత్తులోకి వెళ్ళడం తేలిక, తిరిగి రావడమే కష్టం.

"మీరు పట్టుకోండి, మూతికి గాజుగుడ్డ కట్టండి, మిగతాది నేను చూసుకుంటాను" అన్నాను రాజుగారితో.

ఆయన పట్టుకున్నారు. నేను టర్పెంటైన్ వేశాను. పురుగులు తలలెత్తాయి. రాజుగారు ఒకసారి వాటిని చూసి, ఒకసారి ఆకాశం చూసి, నరికిన కొబ్బరిచెట్టులా వెనక్కి పడ్డారు. దొర దృష్టిలో జరిగిందేమిటంటే, పరాయివాడు ఒకడు సీసా తీశాడు, తన మనిషి కూలిపోయాడు. ఆ తర్వాత నేను మామిడిచెట్టు మీద ఉన్నాను. మధ్యలో ఏం జరిగిందో నాకు గుర్తు లేదు.

"మయక్కమా గియక్కమా, కళ్ళు తిరిగిందీ లేదు, ఏమీ లేదు. పొద్దున ఏం తినలేదు, అంతే" అన్నారు రాజుగారు లేచి కూర్చుని.

"ఏం తినలేదా! తట్ట ఇడ్లీలు ఖాళీ చేసినారు గదా" అన్నారు ఆయన భార్య వెంకమ్మగారు వంటింటి గుమ్మంలోంచి.

కళ్ళు మూసుకుని పట్టుకోమన్నాం. టర్పెంటైన్ వాసనకే ఆయన ఒరిగిపోయారు. ఇంకెవరినీ దొర దగ్గరికి రానివ్వదు. నన్ను చూస్తే గొలుసు తెంచుకునేలా ఉంది. చెట్టు కింద మందుల పెట్టె సర్దుతూ చెల్లయ్య నెమ్మదిగా అన్నాడు. "సార్, కాలేజీ డ్రామాలో వేషం కట్టి ప్రిన్సిపాల్‌నే ఏమార్చినానని దినమూ చెప్తా ఉంటారే. ఇప్పుడు రాజుగారి వేషం కట్టేయండి."

అతను ఎగతాళికే అన్నాడు. కానీ రాజుగారు అప్పటికే లేచి నిలబడి తుండు దులుపుకుంటున్నారు. దొర కోసం ఆయన దేనికైనా సిద్ధం, వేషం నేను కట్టడానికైతే మరీను.

కుక్క వాసనతో గుర్తుపడుతుంది కదా అని మీరు అడుగుతారు. వాసన నేను అరువు తెచ్చుకున్నాను. రాజుగారు విప్పిన పంచె, చెమట తుండు, తలకు ఆయన రాసే ఆముదం, వేళ్ళకు ఆయన నశ్యం. మిగిలింది నడక, తీరు. అది రాజుగారే స్వయంగా నేర్పారు.

"బాగా చూడు డాక్టరూ. నేను నడిస్తే నిటారుగా నడుస్తా. మాట తక్కువ. చూపు ఒకటే, దానికే ఊరు తప్పుకుంటాది. దొరతో నేను మాట్లాడేదే లేదు. వేలు చూపిస్తా, కూర్చుంటాది. మళ్ళీ చూపిస్తా, లేస్తాది. అంతే."

ఆయన నడిచి చూపించారు. నిజంగా గంభీరంగానే ఉంది. నేను నాలుగైదుసార్లు సాధన చేసి, ఆయన మెచ్చుకున్నాక, వెన్ను నిలబెట్టి, పెదవులు బిగించి, పెరట్లోకి నడిచాను. దొర ముక్కు ఎగరేసి వాసన పట్టింది. తోక కదిలింది. నేను ఇంకో నాలుగడుగులు ఠీవిగా వేసి వేలు చూపించాను. తోక ఆగిపోయింది. అది నా మొహం కేసి చూసిన చూపులో కోపం కన్నా ముందు ఒక పెద్ద అనుమానం కనిపించింది. వాసన మా ఆయనదే, మరి ఈ కొయ్యబొమ్మ ఎవరు? ఆ తర్వాత కోపం వచ్చింది. పంచె దాని నోట్లో ఉండిపోయింది, నేను గడ్డివామి మీద ఉన్నాను, నిక్కరుతో.

వెంకమ్మగారు గుమ్మం పట్టుకుని నవ్వుతూ కిందికి జారి కూర్చున్నారు. నవ్వాగాక అడిగారు.

"డాక్టరుతంబీ, ఎవరి మాదిరి పొయ్యినావు నువ్వు?"

"రాజుగారి మాదిరే అక్కా. ఆయనే నేర్పారు."

"ఏ రాజు? అట్లాంటి రాజు మా ఇంట్లో ఎప్పుడూ లేరప్పా!"

రాజుగారిని తోట లెక్క చూసుకు రమ్మని పంపించేసి, ఆవిడ, కరుప్పన్, వంటమనిషి, తలా ఒక ముక్క రాజుగారిని తెచ్చి నా ముందు పెట్టారు. ఆయన నిటారుగా నడవరు. ఎడమ వైపు ఒరిగి, బాతులాగా నడుస్తారు. తుండు భుజం మీంచి జారుతూనే ఉంటుంది, ఆయన ఎగదోస్తూనే ఉంటారు. మాట తక్కువ అన్నది శుద్ధ అబద్ధం. ఆయన ప్రశ్న అడిగి, జవాబు తనే చెప్పి, ఆ జవాబు మీద తనే తగువు పెట్టుకుంటారు. కూర్చునే ముందు పొట్ట తట్టుకుంటారు. ఇక దొర దగ్గరికి వెళ్తే ఆయన గొంతే మారిపోతుందని కరుప్పన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చెప్పాడు. "మా అయ్య అప్పుడు అయ్య మాదిరి ఉండరు సార్. పిల్లకి పాలు తాగించే అవ్వ మాదిరి ఉంటారు."

"ఏమంటారు?"

కరుప్పన్ అటూ ఇటూ చూసి, సన్నగొంతుతో అని చూపించాడు. "ఏంరా నా చిట్టి మామా, అన్నం తిన్నావా, ఎవరు కొట్టినారు నిన్ను, వాణ్ణి మనం కొడదామా, వేండామా, వద్దా, సరే పో, పావం వదిలేద్దామా."

మర్నాడు పొద్దున నేను ఇంకో పంచె కట్టి, ఎడమ వైపు ఒరిగి, తుండు ఎగదోసుకుంటూ, చిట్టి మామా అంటూ బాతు నడక నడిచాను. దొర చెవులు వాలిపోయాయి. నేను పొట్ట తట్టుకుని కూర్చోగానే వచ్చి నా చంకలో తల దూర్చింది. మూతికి గుడ్డ కట్టనిచ్చింది. ఎవరు కొట్టినారు, వాణ్ణి కొడదామా అని పాడుకుంటూ నేను పురుగులన్నీ ఏరాను, కడిగాను, పొడి చల్లాను, పెన్సిలిన్ ఇచ్చాను. సూది దిగినప్పుడు కూడా అది కిక్కురుమనలేదు.

లేచి చూస్తే కిటికీ ఊచల వెనక రాజుగారి మొహం కనిపించింది. ఆ మొహాన్ని మరచిపోవడం కష్టం. తన శవాన్ని ఎవరో మోసుకుపోతుంటే చూస్తున్నవాడిలా ఉన్నారు.

"ఎవరది?" అన్నారు.

"మీరేనండి."

"నేను గాదు."

"మీ దొర ఒప్పుకుంది గదా" అన్నారు వెంకమ్మగారు.

చాలా ఏళ్ళ తర్వాత మదురై రైల్లో ఫిలాసఫీ పాఠం చెప్పే ఒక లెక్చరరుకు ఈ సంగతి చెప్పాను. ఆయన ఉత్సాహంగా లేచి కూర్చుని, తత్వవేత్తలు దీన్ని 'ఇతరుడు' అంటారని, మనిషి తనను తాను లోపలినుంచే ఎరుగునని, బయటినుంచి ఎలా ఉంటాడో ఎదుటివాడి చూపులోనే దొరుకుతుందని, ఆ చూపు తగిలినప్పుడు మనిషి ఒక వస్తువులా గడ్డకడతాడని విరుదునగర్ వచ్చేదాకా చెప్పాడు. వాళ్ళలో ఎవరైనా కుక్కను పెంచారా అని అడిగాను. తెలియదన్నాడు. పెంచి ఉంటే అన్ని పేజీలు పట్టేవి కావని నా అభిప్రాయం.

డ్రెస్సింగులు సాగాయి. పుండు అడుగున ఎర్రటి కొత్త కండ గింజలు గింజలుగా పైకి రాసాగింది. దానికి మాలో గ్రాన్యులేషన్ అని పేరు, అది కనిపిస్తే రోగి బతికినట్టే. నేను వేషంలో ఆరితేరాను, అక్కడే గర్వం పట్టుకుంది. దొర నా చెప్పులు తెచ్చి ఇచ్చేది. కరుప్పన్ అలవాటున నన్నే తోటకు నీళ్ళు ఎప్పుడు పెట్టాలని అడిగేవాడు. వంటింట్లోంచి వెంకమ్మగారు, "ఎండలో కూర్చోవద్దని ఎన్నిసార్లు చెప్పేది మీకు" అని కేకేసి, నాలిక్కరుచుకునేవారు. ఒక పొద్దున మంసాపురం నుంచి ఒక ముసలి రైతు వచ్చాడు. చూపు ఆనదు. ఇద్దరన్నదమ్ములకు ఒకటే బావి, నీళ్ళ వంతు తగాదా. దొర తల నా ఒళ్ళో ఉంది, ఫోర్సెప్స్ పుండులో ఉంది, వేషం విప్పడానికి వీల్లేదు. చేసేదిలేక రాజుగారి గొంతుతో ప్రశ్న అడిగి, నేనే జవాబు చెప్పి, దాని మీద నేనే తగువు పెట్టుకుని, చివరికి అమావాస్య నుంచి పున్నమి దాకా అన్న, పున్నమి నుంచి అమావాస్య దాకా తమ్ముడు అని తీర్పు ఇచ్చాను. ముసలాయన రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. "పోయిన తూరి వచ్చినప్పుడు అయ్య ఏమో కోపంగా ఉండినారు. ఈ దినం మీరు మీరుగా ఉండారు" అన్నాడు.

కిటికీ తలుపు ధడాలున పడింది.

ఆ రోజు నుంచి రాజుగారు మారిపోయారు. బయటినుంచి తాను ఎలా ఉంటాడో చూసిన మనిషి ఇక అలా ఉండలేడు. ఎడమ వైపు ఒరగబోయి టక్కున కుడికి సర్దుకునేవారు. తుండు భుజం మీద వేసుకోవడమే మానేశారు. భోజనం దగ్గర ఒక్క మాట మాట్లాడేవారు కాదు. "ఇంట్లో మనిషి ఉండాడో లేడో తెలవడంలేదు తంబీ, ఉలిక్కిపడి చస్తా ఉండా" అని వెంకమ్మగారు నాతో మొరపెట్టుకున్నారు. నేను నవ్వాను. నవ్వాల్సింది కాదు.

ఎందుకంటే ఆ సాయంత్రమే రాజుగారు తన కొత్త నడకతో, నిటారుగా, పెదవులు బిగించి, పెరట్లోకి వెళ్ళి దొరకు వేలు చూపించారు. తన కుక్క తనను, తాను అనుకునే మనిషిగా గుర్తించి తీరాలని పట్టుదల. దొర గొలుసు తెంచుకుంది. కరవలేదు. అది ఆ మనిషిని పూర్తిగా నమ్మనూ లేదు, కరిచేంత అనుమానించనూ లేదు. పెరడంతా పరుగెత్తి, బండి కాడికి వీపు గీరుకుని, పూడుకొస్తున్న కండ అంతా చీల్చుకుని, నెత్తురోడుతూ బండి కిందికి దూరింది.

మర్నాడు కబురొచ్చి వెళ్ళేసరికి అది అన్నం ముట్టలేదు, ఒళ్ళు కాలిపోతోంది, పుండు మీద ఈగలు. నేను బాతు నడకతో, చిట్టి మామా అంటూ దగ్గరికి వెళ్ళాను. పళ్ళు కనిపించాయి. ఇద్దరు రాజులను చూసిన కుక్క అది. ఒకడు నకిలీ అని తేలాక ఇద్దరూ నకిలీయేనని తీర్మానించుకుంది. ఇప్పుడు దానికి లోకంలో తన మనిషంటూ లేడు, అందరూ పరాయివాళ్ళే.

"ఇంకో రోజు ఇలాగే ఉంటే నేను చెయ్యగలిగింది లేదు" అన్నాను. మా ఉద్యోగంలో ఆ మాట తరచు అనాల్సి వస్తుంది. ఎప్పుడూ అలవాటు కాలేదు.

రాజుగారు బండి కిందికి తొంగి చూశారు. "ఏం చెయ్యాల నేను?"

"మీరు మీరులాగా వెళ్ళాలి. మందు, సూది కూడా మీరే వెయ్యాలి."

ఇక చూడాలి ఆ మధ్యాహ్నం. రాజుగారికి రాజుగారి నడక నేను నేర్పాను. ఎడమకు ఒరగండి అంటే ఓడ మునిగినట్టు ఒరిగారు. తుండు జారనివ్వండి అంటే తీసి విసిరేశారు. చిట్టి మామా అనండి అంటే కోర్టులో సాక్ష్యం చెబుతున్నట్టు, "చిట్టి మామ" అన్నారు. "ఇదేం సార్, మీకన్నా అన్యాయంగా చేస్తా ఉండారు" అని చెల్లయ్య నా చెవిలో అన్నాడు. మరోపక్క అరటిబోదె తెప్పించి దాని మీద ఇంజెక్షను సాధన చేయించాను. అది మాత్రం చక్కగా వచ్చింది. బోదెకు ఆయనను చూడటానికి కళ్ళు లేవు.

బండి కింద దొర మూలిగింది. వెంకమ్మగారు గరిటె పట్టుకుని పెరట్లోకి వచ్చారు.

"అందరూ తిరగండి అట్ల. గోడ చూడండి. డాక్టరుతంబీ, నువ్వూనూ. ఎవరైనా తల తిప్పినారో, ఈ గరిటె చూడండి."

"డ్రెస్సింగు నేను చూడకపోతే ఎలాగక్కా?"

"నువ్వు చూస్తేనే గదా ఆయనకి ఈ గతి పట్టినాది! తిరుగు."

కొట్టం గోడకు మొహాలు పెట్టి మేమందరం వరసగా నిలబడ్డాం. నేను, చెల్లయ్య, కరుప్పన్, వంటమనిషి, చివర గరిటెతో వెంకమ్మగారు. నా ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో రోగికి వీపు పెట్టి చేయించిన వైద్యం అదొక్కటే. గోడ మీద ఒక బల్లి ఉంది. ఆ బల్లి ఒక్కటే అంతా చూసింది.

 వెనక గొంతు సవరించుకున్న చప్పుడు. "చూస్తా ఉండారా?" అని రాజుగారి గొంతు.

"లేదు, గోడ చూస్తా ఉండాం" అన్నాం అందరం.

 ఒక అడుగు. ఇంకొకటి, కొంచెం ఈడుస్తూ. అప్పుడు మొదలైంది, ముందు గొణుగుడుగా, తర్వాత ధారగా. "ఏంరా. ఏంరా నా సామీ. నన్నే కరుస్తావా? కరువు. కరిస్తే ఏమైపోతాది? ఏమీ పోదు. పోదని ఎవరు చెప్పినారు, నొప్పి పుట్టదా? పుట్టనీ. ఏంరా నా చిట్టి మామా, అన్నం వేండామా నీకు..." నేను ఇన్నాళ్ళూ పాడిన పాట అందులో పదో వంతు కూడా కాదని అప్పుడు తెలిసింది. గొలుసు గలగలమంది. నేల మీద తోక టపటపమని కొట్టుకుంది. కరుప్పన్ గోడకు నుదురు ఆనించి నవ్వు ఆపుకుంటూ ఊగిపోతున్నాడు.

"మూతికి గుడ్డ" అన్నాను నేను గోడతో.

"కట్టినా."

"టర్పెంటైన్."

"వేసినా. వస్తా ఉండాయి డాక్టరూ, పురుగులు, అయ్యో నా సామీ, నీ ఒంట్లో ఎన్ని రా..."

నేను ఆయన పడిపోయే చప్పుడు కోసం ఎదురుచూశాను. రాలేదు. ఫోర్సెప్స్ గిన్నెకు తగిలిన చప్పుడు వచ్చింది, మళ్ళీ మళ్ళీ. పడిపోయినా చూసేవాళ్ళెవరూ లేరని ఆయన పడలేదేమో, నాకు తెలియదు. వైద్యశాస్త్రంలో దీనికి పాఠం లేదు.

"ఇప్పుడు సూది తొడకండలోకి గుచ్చి, పిస్టను కొంచెం వెనక్కి లాగండి. రక్తం రాకూడదు."

"ఆ మాట అనకప్పా!" అన్నారు ఆయన. కాసేపటికి, "అయినాది" అన్నారు.

ఇక్కడ నేను ఒకసారి దొంగచాటుగా తిరిగి చూశానని రాస్తే రక్తి కట్టేది. చూడలేదు. గరిటె నా వీపుకు చాలా దగ్గరలో ఉంది.

ఆ తర్వాత రోజూ అదే పద్ధతి. మేము గోడ వైపు, ఆయన కుక్క వైపు. జ్వరం తగ్గింది, కండ మళ్ళీ పూడింది, అంచుల నుంచి చర్మం లోపలికి పాకి పుండు మూసుకుంది. మేం గోడకు తిరిగి నిలబడి నిలబడి, చివరికి ఆయన మమ్మల్ని తిరగమనడం కూడా మర్చిపోయారు. ఒకరోజు ఎవరూ గోడ వైపు లేరని నేను గమనించాను. ఆయన గమనించలేదు. తుండు జారుతోంది, ఎగదోస్తున్నారు.

ఆఖరి పరీక్ష రోజున వెంకమ్మగారు పాయసం చేశారు. దొర రాజుగారి కాళ్ళ దగ్గర పడుకుని ఉంది. పుండు చోట కొత్త వెంట్రుకలు వచ్చాయి. నేను సంతోషంలో నా మిమిక్రీ గురించి నాలుగు మాటలు ఎక్కువే మాట్లాడాను. రాజుగారు పాయసం గిన్నె పక్కన పెట్టి లేచారు. బల్ల మీది నా సోలా టోపీ తీసి నెత్తిన పెట్టుకున్నారు, నా స్టెతస్కోపు మెడలో వేసుకున్నారు. పాదాలు రెండూ పక్కకు తిప్పి, గుండెలు ముందుకు తోసి, కోడిపుంజులా పెరట్లోకి నడిచారు. ఆగి, ఇంటికప్పు వైపు చూసి, "ఊఁ" అన్నారు. రెండు వేళ్ళతో గాలిని తట్టారు. మళ్ళీ "ఊఁ" అన్నారు. అప్పుడు నెల్లూరు యాసలో ఒక పొడుగాటి మాట మొదలుపెట్టి, సగంలో ఆపి, అందరూ వింటున్నారా లేదా అని ఓరకంట చూసి, మళ్ళీ అందుకున్నారు.

వెంకమ్మగారు గుమ్మం పట్టుకుని కిందికి జారారు. కరుప్పన్ గడ్డి మీద పడి దొర్లాడు. నా కింద పని చేసే చెల్లయ్య, కళ్ళు తుడుచుకుంటూ, "అయ్యో, అదే, ఆ ఊఁ, అదే" అన్నాడు.

"నేను అలా చెయ్యను" అన్నాను. "అందులో ఒక్కటంటే ఒక్కటి నాది కాదు."

అప్పుడే దొర లేచింది. టోపీ కింద ఉన్నది తన మనిషి. పంచె, వాసన, మీసం అన్నీ ఆయనవే. అది వెనక్కి రెండడుగులు వేసి, మెడ మీద కొత్త వెంట్రుకలతో సహా అన్నీ నిక్కబొడుచుకుని, మొదటిరోజు నన్ను చూసినట్టే ఆ నడక కేసి చూసి పళ్ళు బయటపెట్టింది.

రాజపాళయంలో ఇంకో మూడేళ్ళు పని చేశాను. ఈ ఉదంతం వల్ల నా పద్ధతిలో మార్పు ఒకటే. పశువు మీద చెయ్యి వేసే ముందు, అది నన్ను చూసుకోవడానికి కొంతసేపు ఊరికే నిలబడతాను. ఆ సేపు కప్పు వైపు చూడను, ఊఁ అనను. ఆ తర్వాతి సర్వీసులో కాట్లు బాగా తగ్గాయి.